బాలింత కోసం కట్టిన స్నానాలగది

గుడియాత్తం బజారులో స్టీలు పాత్రల అంగడి నడిపే అశ్వత్థనారాయణది అంగడిలో అరవం, ఇంట్లో తెలుగు. ఆ తెలుగును చదవమంటే మాత్రం ఇంటిల్లిపాదీ దిక్కులు చూస్తారు. తాతల కాలం నుంచీ అంతే, దానికెవరూ సిగ్గుపడరు. సిగ్గుపడే సంగతి వేరే ఉంది. అయినవాళ్ళ చేత పని చేయించుకుని రసీదు అడగడం. ఆ మాట నోట వచ్చిందా, ఇక పెళ్ళి పిలుపులు కూడా ఆగిపోతాయి.

ఆయన భార్య అలమేలుమంగ స్నానాలగది కొత్తది కట్టించాలని పట్టుబట్టినప్పుడు ఈ సిగ్గే ముందుకొచ్చింది. కూతురు కార్తీక తొలికాన్పుకు పుట్టింటికి వస్తోంది. పాత స్నానాలగది పెరట్లో, రేకుల కింద. బాలింతను అక్కడికి నడిపించుకుపోవడం ఆవిడకు ఇష్టం లేదు. పడకగదిని ఆనుకుని ఒకటి కట్టించి, అందులో తిప్పగానే వేణ్ణీళ్ళు వచ్చే గ్యాసు గీజరు పెట్టించాలని ఆవిడ కోరిక.

"గీజరు వరకూ కంపెనీ మనిషిని పిలుద్దాంలే. బిల్లు ఉంటాది, గ్యారంటీ ఉంటాది. రేపేమన్నా అయితే అడిగేదానికి ఒక మనిషి ఉంటాడు" అన్నాడు అశ్వత్థనారాయణ.

"బాగుండాది మీ యవ్వారం! మీ అక్క కొడుకు వేలూరులో అదే పని చేస్తా ఉంటే బయటోణ్ణి పిలుస్తారా? వదిన ఊరుకుంటాదా?"

వదిన అంటే లోకేశ్వరి, అశ్వత్థనారాయణ అక్క. ఆవిడ కొడుకు లోకనాథ్ వేలూరులో స్నానాలగదుల పని పట్టాడు. టైల్స్ దగ్గర నుంచి కుళాయిల దాకా అన్నీ తనే తెచ్చి బిగిస్తాడు. పళ్ళికొండ, కనియంబాడి, పేర్ణాంబట్టు, ఎక్కడ తెలుగిల్లు ఉంటే అక్కడ వాడి చెయ్యి పడాల్సిందే. మనవాడు, మాట మంచిది, వచ్చినప్పుడల్లా పెద్దవాళ్ళ కాళ్ళకు దండం పెడతాడు. ఇంకేం కావాలి మరి?

అక్క పేరు వచ్చాక అశ్వత్థనారాయణ మాట్లాడిన రోజు లేదు.

లోకనాథ్ వచ్చాడు. గోడలు లేచాయి. అలమేలుమంగ స్వయంగా వేలూరు వెళ్ళి నీలిరంగు టైల్స్ ఏరుకుంది. చేపల బొమ్మలున్నవి. అవి అతికించిన రోజు చుట్టుపక్కల ఆడవాళ్ళందరినీ పిలిచి చూపించింది. గీజరు బిగించే రోజు లోకనాథ్ ఆ పెట్టెను చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడి అడిగాడు.

"అత్తా, ఇది లోపల పెట్టేదా, బయట పెట్టేదా?"

"బయట పెడితే ఏమవుతాది నాయనా?"

"గోడకు రంధ్రం కొట్టాల. పైపు బయటి నుంచి లాగాల. టైల్స్ రవంత పగిలినా పగలొచ్చు. లోపలైతే చూసేదానికి నీటుగా ఉంటాది. మీ ఇష్టం."

చీర అంచు పచ్చదా ఎర్రదా అని అడిగినట్టే అడిగాడు. చేపల బొమ్మల మీద రంధ్రమా! "లోపలే పెట్టు నాయనా" అంది అలమేలుమంగ. పొద్దువాలేలోగా పని అయిపోయింది. కుళాయి తిప్పితే పెట్టెలో బుస్సుమని నీలిమంట, కింద పొగలు కక్కే నీళ్ళు. అలమేలుమంగ మురిసి ముక్కలైంది. అల్లుడి వరస కుర్రాడికి ఒబ్బట్లు వేసి పెట్టింది. బిల్లు సంగతి ఆయన ఎత్తబోతే కళ్ళతోనే అదిమేసింది.

కార్తీకకు వేలూరు ఆసుపత్రిలో కాన్పయింది. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమంగా గుడియాత్తం చేరారు. అల్లుడు సుజిత్‌ది హోసూరులో ఉద్యోగం, వచ్చి చూసి వెళ్ళాడు. ఇక బాలింతకు నీళ్ళు పోయాలి. ఆ పని ఎవరంటే వాళ్ళు చేసేది కాదు. లోకేశ్వరి వేలూరు నుంచి మూటాముల్లే సర్దుకుని దిగింది. ఆ చుట్టుపక్కల తెలుగిళ్ళలో ఎవరు ప్రసవించినా ఆవిడ చేతుల మీదుగా నీళ్ళు పోసుకోవాల్సిందే. రాలేనిచోటికి ఫోనులోనే చెబుతుంది, ఏ ఆకులు వేయాలో, ఎంతసేపు పోయాలో.

వచ్చీ రాగానే ఆవిడ కొత్త స్నానాలగది చూసింది. చేపలు చూసింది, గీజరు చూసి కొడుకును మెచ్చుకుంది. తర్వాత తలెత్తి పైన వెంటిలేటరు వంక చూసి మొహం చిట్లించింది.

"ఏంది అలమేలూ, ఇంత సందు పెట్టినారు? పచ్చి బాలింతకు గాలి తగిలితే జన్మంతా నొప్పులే. మూసేయ్."

అలమేలుమంగ ముక్కాలిపీట ఎక్కి, పాత చీర మడిచి వెంటిలేటరులో కుక్కి, మీద టేపు అతికించింది. తలుపు కింద సందుకు గోనెపట్టా అడ్డం వేసింది. తన తల్లి తనకు చేసిందీ అదే. అప్పుడు నీళ్ళు కాగింది మాత్రం పెరట్లో కట్టెల పొయ్యి మీద, గది బయట. ఆ తేడా ఎవరికీ తట్టలేదు.

రోజూ పొద్దున నూనె పట్టించి, చెవుల్లో దూది పెట్టి, తలుపు బిగించి లోకేశ్వరి నీళ్ళు పోసేది. అంతసేపూ నెత్తిమీద గీజరు మండుతూనే ఉండేది. బయటికి వచ్చాక కార్తీక మంచం మీద వాలిపోయేది.

"అమ్మా, తల పగిలిపోతా ఉండాది."

"ఒంట్లో గాలి చేరుంటాది" అని మేనత్త తీర్పు చెప్పేది. "రేపు నీళ్ళు ఇంకా రవంత వేడిగా పోస్తా."

ఆవిడకూ తలనొప్పిగానే ఉండేది. తలకు గుడ్డ కట్టుకుని, పసిబిడ్డ ఏడుపుకు నిద్ర చాలడం లేదని గొణుక్కునేది. ఒకరోజు కార్తీక కాళ్ళు తేలిపోయి గోడకు చేరగిలబడింది. ఎక్కడో ఇంకా సందు ఉందని లోకేశ్వరి వెతికింది. వెంటిలేటరు మీద ఇంకో వరస టేపు పడింది. తెలిసి చేస్తే శత్రువులు కూడా అంత పకడ్బందీగా చేయరు.

అలమేలుమంగకు అనుమానం వచ్చింది తువ్వాలు ఇవ్వడానికి లోపలికి వెళ్ళినప్పుడు. గీజరు చిల్లులోంచి మంట పసుప్పచ్చగా, ఎర్రగా ఊగుతోంది. ముప్పయ్యేళ్ళుగా పొయ్యి ముందు నిలబడ్డ మనిషి ఆవిడ. వంటింట్లో మంట అలా పచ్చబడితే గిన్నె అడుగు నల్లబడుతుంది, ఆ పూటే మనిషిని పిలిపిస్తుంది. ఇది కూడా గ్యాసు పొయ్యే కదా, దీనికెందుకు ఊరుకోవాలి?

బిడ్డకు పేరు పెట్టే రోజు లోకనాథ్ తన భార్య మీనాను, చంటివాణ్ణి తీసుకుని వచ్చాడు. విస్తరి ముందు నుంచి లేవగానే అలమేలుమంగ వాణ్ణి స్నానాలగది దగ్గరికి తీసుకుపోయింది.

"మంట పచ్చగా వస్తా ఉండాది నాయనా. ఒకసారి చూడు."

లోకనాథ్ కుళాయి తిప్పాడు, మంట చూశాడు. తలెత్తి టేపు వేసిన వెంటిలేటరు చూశాడు.

"గ్యాసు అయిపోవస్తే అట్లే అవుతాదిలే అత్తా. సిలిండరు మార్చండి."

"ఆ కిటికీ మూసినందుకేమన్నా..."

మాట పూర్తి కాలేదు. వెనకనుంచి లోకేశ్వరి గొంతు వినబడింది. "ఏం అలమేలూ, నా కొడుకు పని నీకు నచ్చలేదా? నచ్చకుంటే నా ఎదురుగా చెప్పు, వాణ్ణి పక్కకు పిలిచి ఎందుకు?"

"అయ్యయ్యో, అట్లా కాదు వదినా! ఊరికే అడిగినా."

లోకనాథ్ తువ్వాలుతో చేతులు తుడుచుకుని వసారాలోకి వెళ్ళిపోయాడు. తల్లి మూయించిన కిటికీని తెరవమనడం వాడికి ఇబ్బంది. ఆడబిడ్డ కొడుకును నిలదీయడం ఈవిడకు ఇబ్బంది. ఇద్దరూ మర్యాదస్తులే. ఆ మర్యాదల మధ్య లోపల స్నానం చేయాల్సింది కార్తీక.

సిలిండరు మార్చారు. మంట మారలేదు.

ఆ తర్వాత ఒక పొద్దున లోకేశ్వరి నీళ్ళు పోస్తూ పోస్తూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని తలుపు తీసుకుని బయటపడింది. గుమ్మంలోనే కూర్చుని భళ్ళున వాంతి చేసుకుంది. అలమేలుమంగ చెంబుతో నీళ్ళు తెచ్చేలోగా లోపల ధబ్బుమని చప్పుడయింది. పరుగెత్తి చూస్తే కార్తీక చేపల టైల్స్ మీద పక్కకు ఒరిగి పడి ఉంది. నీళ్ళు పోతూనే ఉన్నాయి, పైన మంట మండుతూనే ఉంది. పిలిస్తే పలకదు. చెంపలు మాత్రం ఎర్రగా, ఆరోగ్యంగా ఉన్నట్టు కనిపిస్తున్నాయి.

"కార్తీకా! ఓ కార్తీకా! అమ్మా, కండ్లు తెరువు తల్లీ!"

ఎవరిదో కారు దొరికింది. పళ్ళికొండ దగ్గర హైవే ఎక్కి వేలూరు చేరేదాకా అలమేలుమంగ కూతురి అరికాళ్ళు రుద్దుతూనే ఉంది. బిడ్డను తువ్వాలులో చుట్టి లోకేశ్వరి ముందు సీట్లో కూర్చుంది. దిష్టి అని ఒకసారి, నీరసమని ఒకసారి తనలో తనే అనుకుంటూ వచ్చింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కార్తీకకు ఆక్సిజన్ పెట్టించి, అలమేలుమంగను పక్కకు పిలిచి మొదట అడిగిన మాట ఒకటే. "మీ స్నానాలగదిలో గ్యాసు గీజరు ఉందా?"

ఉందని చెప్పింది. కిటికీ మూశామనీ చెప్పింది. డాక్టరమ్మ కోప్పడలేదు, నిదానంగానే వివరించింది. మూసిన గదిలో గ్యాసు మండితే గాలి విషమవుతుంది, దానికి రంగూ ఉండదు, వాసనా ఉండదు. తలనొప్పి, వాంతి, కాళ్ళు తేలిపోవడం, అన్నీ అదే. ఆ పెట్టె ఎప్పుడూ గది బయటే ఉండాలి. అలమేలుమంగ అన్నీ వింది. ప్రతి మాటా ఆవిడకు తెలిసిన ఏదో ఒక పొద్దున మీదే వచ్చి పడుతోంది.

మర్నాడు కార్తీక కళ్ళు తెరిచింది. తల్లిని గుర్తుపట్టింది. అలమేలుమంగ కళ్ళొత్తుకునేలోగా అడిగింది.

"అమ్మా, నాకు కాన్పు ఎప్పుడంట?"

హోసూరు నుంచి రాత్రికి రాత్రే వచ్చిన సుజిత్ డాక్టర్ల కోసం పరుగెత్తాడు. జ్ఞాపకం తిరిగి రావచ్చు, ఎన్నాళ్ళకో ఇప్పుడే చెప్పలేమన్నారు డాక్టర్లు. బిడ్డ లోకనాథ్ ఇంట్లో మీనా దగ్గర డబ్బాపాలు తాగుతోంది. తల్లికి పాలు చేపి రవిక తడుస్తోంది, ఎందుకో తల్లికి తెలియదు.

ఇలాంటి కేసు పోలీసులకు చెప్పక తప్పదన్నారు ఆసుపత్రివాళ్ళు. రేపు ఒక కానిస్టేబులు వచ్చి అడుగుతాడు. ఆ మాట విన్నప్పటి నుంచి లోకేశ్వరి అలమేలుమంగను వదల్లేదు. వరండాలో బెంచీ మీద పక్కన చేరి చేతులు పట్టుకుంది.

"వాడి పేరు చెప్పొద్దు అలమేలూ. ఎవడో దారినపోయే మేస్త్రీ బిగించినాడని చెప్పు. నాకు వాడొక్కడే. పేరు పోతే వాడికి పని ఎవరిస్తారు? నీ కాళ్ళు పట్టుకుంటా."

అశ్వత్థనారాయణ నేల చూస్తూ "నీ ఇష్టం" అన్నాడు.

అలమేలుమంగ సరేనంది. వదిన మీద ప్రేమతో కాదు. లోపలే పెట్టమన్నది తను, పీట ఎక్కి చీర కుక్కింది తను. కూతురి తలలోంచి బిడ్డను తుడిచేసింది తన చేతులే అయినప్పుడు, వాడి పేరు చెప్పి ఏం లాభం? రాత్రంతా ఆ టైల్స్ మీద చేపలను తిట్టుకుంటూ కూర్చుంది.

పొద్దున స్నానం చేసి రమ్మని ఆవిడను లోకనాథ్ ఇంటికి పంపారు. లోకేశ్వరి కూడా వెంట వచ్చింది. మీనా తువ్వాలు చేతికిచ్చి, "కుళాయి తిప్పితే వేణ్ణీళ్ళే వస్తాయి పిన్నమ్మా" అంది. అలమేలుమంగ లోపలికి వెళ్ళి తలుపు వేసుకోబోయి ఆగిపోయింది. నాలుగు గోడలూ చూసింది. పెట్టె లేదు. కుళాయి తిప్పింది. నీళ్ళు గోరువెచ్చగా మొదలై కాగుతూ వచ్చాయి. పైన వెంటిలేటరు బార్లా తెరిచి ఉంది.

తువ్వాలు భుజాన వేసుకుని పెరట్లోకి నడిచింది. వెనక గోడకు, చిన్న రేకు గొడుగు కింద, గీజరు వేలాడుతోంది. తన ఇంట్లోదే, అదే కంపెనీ, అదే రంగు. గోడకు రంధ్రం కొట్టి పైపు లోపలికి తీశారు. రంధ్రం చుట్టూ సిమెంటు నీటుగా పూశారు.

లోకనాథ్ పెరటి మెట్టు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. లోకేశ్వరి వంటింటి గుమ్మంలో మనవణ్ణి ఎత్తుకుని నిలబడి ఉంది.

"లోకనాథా, మీ ఇంట్లో ఇది బయట పెట్టుకున్నావే?"

"అవునత్తా" అన్నాడు వాడు, రాత్రి నిద్ర లేని గొంతుతో. "ఇంట్లో పసిబిడ్డ ఉండాడు కదా."

అనేశాక గానీ ఏమన్నాడో వాడికి తెలియలేదు. గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది. లోకేశ్వరి మనవణ్ణి ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకుంది.

"నేను బాత్రూము కట్టించింది పురిటికే కదా నాయనా" అంది అలమేలుమంగ.

"మీరే లోపల పెట్టమన్నారు గదత్తా. పెద్దోళ్ళు మీరు, మీకు ఎదురు ఎట్లా చెప్పేది?"

"టైల్స్ పగులుతాయని చెప్పినావు. మనిషి పోతాదని చెప్పలేదే!"

అలమేలుమంగ అరవలేదు. స్నానం కూడా చేయలేదు. మీనా దగ్గర మనవరాలిని ఒకసారి ఎత్తుకుని, ముద్దు పెట్టుకుని, తిరిగి ఇచ్చేసి ఆసుపత్రికి బయలుదేరింది. లోకేశ్వరి చెప్పులు వేసుకుని వెనకే వచ్చింది.

కానిస్టేబులు అప్పటికే బెంచీ దగ్గర కూర్చుని ఉన్నాడు. ఊరూ పేరూ రాసుకున్నాడు. గీజరు ఎవరు బిగించారని అరవంలో అడిగాడు. అశ్వత్థనారాయణ గొంతు సవరించుకుని, "ఎవరో మేస్త్రీ..." అని మొదలుపెట్టాడు.

"ఎవరో కాదు" అంది అలమేలుమంగ, అరవంలోనే. "లోకనాథ్. ఈయన అక్క కొడుకు. వేలూరులోనే ఉంటాడు. వాడి ఇంట్లో బయట పెట్టుకున్నాడు, మా ఇంట్లో లోపల పెట్టినాడు. కిటికీ మూసింది చూసి కూడా చెప్పలేదు. లోపల పెట్టమన్నది నేను, అదీ రాసుకోండి. బిల్లు లేదు. ఎందుకు లేదంటే మేము అడగలేదు."

అశ్వత్థనారాయణ అక్క వంక చూడలేకపోయాడు. ఆవిడ ఇప్పుడు గుండెలు బాదుకుంటుందని అందరూ అనుకున్నారు. లోకేశ్వరి బాదుకోలేదు. ఇన్నాళ్ళూ ఆ గదిలో తలుపు బిగించుకుని నిలబడింది తను కూడా. కొంగు బిగించుకుని ముందుకు జరిగింది.

"అంతటితో ఆపొద్దు అలమేలూ" అంది తెలుగులో. "పళ్ళికొండలో శివలింగం ఇంట్లో లోపలే పెట్టినాడు. పేర్ణాంబట్టులో ఒకరింట్లో పెట్టినాడు. కనియంబాడిలో అంబిక ఇంట్లో..."

ఆవిడ అలమేలుమంగ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అంబిక కూతురు కాన్పయ్యి ఇంటికొచ్చిందే! నీళ్ళు ఎట్లా పోసేదని నన్నే అడిగింది. కిటికీ మూయమని నేనే చెప్పినా. ఫోను, ఫోను తియ్యి!"

ఆవిడే తన ఫోను తీసి అలమేలుమంగ చేతిలో పెట్టింది. అలమేలుమంగ అందులో అంబిక నంబరు వెతికి నొక్కి, స్పీకరు పెట్టి ఆవిడ నోటి దగ్గర పట్టింది. చాలాసేపు మోగింది. కానిస్టేబులు కలం ఆపి చూస్తున్నాడు.

"ఏం పెద్దమ్మా, బాగుండారా?" అని అంబిక గొంతు పలికింది.

"అంబికా, నీ కూతురు యాడ?"

"నీళ్ళు పోసుకుంటా ఉండాది. మీరు చెప్పినట్టే అన్నీ మూసి..."

"తలుపు తెరువు! నేను చెప్పింది తప్పు! గీజరు ఆపి, బిడ్డను బయటికి లాక్కురా. పోవే, పో!"

అటునుంచి పరుగు, తలుపు మీద దడదడ, ఏదో చెంబు దొర్లిన చప్పుడు. తర్వాత కాసేపు ఏమీ వినబడలేదు. లోకేశ్వరి కళ్ళు గట్టిగా మూసుకుంది. అలమేలుమంగ ఫోనును ఇంకా దగ్గరగా పట్టుకుంది.

"ఏందిమా ఇది?" అని ఒక ఆడపిల్ల గొంతు విసుక్కుంది. "తలంతా సీకాయి, ఇట్లనే లాక్కొస్తావా? చలి పెడతా ఉండాది!"

లోకేశ్వరి బెంచీ మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అలమేలుమంగ ఆవిడ పక్కనే కూర్చుని, పళ్ళికొండ వాళ్ళ నంబరు చెప్పమని అడిగింది.